కానుగ చిగురెయ్యలేదు

మళ్లా మొగం తిప్పుకున్నావు. చారు మామా ఇది, విషం కాదు! పొద్దున్నుంచి రెండు ముద్దలు కూడా పోలేదు నీ కడుపులోకి. నోరు తెరువు. తెరవవా? సరే, గిన్నె ఈడ పెడతాండా. నీకు బుద్ధి పుట్టినప్పుడు తిందువు.

నీళ్లన్నా తాగుతావా? ఔనంటే ఒకసారి కండ్లు మూయి, కాదంటే రెండుసార్లు. ఒకటి... రెండు. అదీ వద్దు! పోయిన వినాయకచవితి ముందర నువ్వు పడిపోయిన కాడ్నుంచి మనకి ఇవే కదా మాటలు. వాటిని కూడా వద్దనేదానికే వాడుకుంటావు.

ఏం చూస్తాండావు అట్ల పైకి? ఈడ కొమ్మలు లేవులే, రేకులుండాయి. మంచం లోపలికి తెచ్చినానని కోపమా? నేనేం చేయల్ల చెప్పు. నిన్న మజ్జానం వాకిట్లో కానుగ కొమ్మ విరిగి నీ తలకాయకు జానెడు దూరంలో పడింది. పక్కింటి యశోదమ్మా, ఆ యమ్మ కోడలూ ఉరుక్కుంటా వచ్చి మంచం పట్టకపోతే నేనొక్కదాన్నే నిన్ను యాడికి లాగుదును? ఎండిపోయిన చెట్టు కింద మనిషిని పండబెడతావా లక్ష్మీదేవీ, నీకేమన్నా తల తిరిగిందా అని వీధంతా వినేట్టు తిట్టింది. నోరు మూసుకుని తిట్టిచ్చుకుంటి.

అదో, ఫ్యాను ఆగింది. పాయె కరెంటు! రేకులు టప్పు టప్పు అంటాండాయి, విన్నావా? ఇంకా పదకొండు కూడా కాలేదు. ఉండు, విసురుతా.

డాక్టరు ఏమన్నాడు? ఈ ఎండాకాలం దాటిస్తే చాలమ్మా అన్నాడు. వేడి మాత్రం తగలనీయద్దు, ఇంకోసారి గాన పక్షవాతం వచ్చిందంటే నా చేతుల్లో ఏం లేదు అన్నాడు. ఆయనకేం, చెప్పి పాయె. బయట నీడ లేదు, లోపల కొలిమి. నిన్ను యాడ పెట్టుకోవల్ల నేను?

దీన్ని చూడు, ఈ మనీప్లాంటును. ఎంత నిగనిగలాడతాండాదో! కార్తీకంలో జానెడు తీగ తెచ్చి సీసాలో పెడితి. ఇప్పుడు కిటికీ ఎక్కి, గోడంతా పాకి, నీ నెత్తి మీద దూలం దాకా వచ్చింది. దీనికి బోరు నీళ్లు పడవంట, మనం తాగే క్యాను నీళ్లే పోయల్ల. ఎండ తగలకూడదు. రెండు పూటలు మరిస్తే అలిగినట్ల తలకాయ వాల్చేస్తాది. ఇంత సేవ చేస్తే ఏమిస్తాది ఇది? నీడా? దీని కింద ఈగ కూడా వాలదు.

ఆ కానుగకు నువ్వేం పోసినావు? నేను కాపరానికి వచ్చిన ఏడు నాటితివి. ఆ ఒక్క ఎండాకాలం బిందెతో పోస్తివి, అంతే. ముళ్లకంప కూడా కట్టలేదు, మేకలు ముట్టవులే అని.

నేనడిగినా అప్పుడు. వడ్రంగి పని చేసేటోళ్ల ఇంటి ముందర కానుగ యాంటికి మామా, టేకు నాటుకుంటే రేపు కొయ్యకన్నా వస్తాది కదా అని. నువ్వు నవ్వితివి. కానుగ కొయ్య దేనికీ పనికిరాదే, పురుగు పట్టి పొడి పొడి అయిపోతాది, అందుకే దీని జోలికి ఎవురూ రారు, దీన్ని నీడకని ఉండనీ అంటివి. ఎవురూ రారు అనుకుంటివి పాపం.

చెరువు నెర్రెలిచ్చిన ఏడు గుర్తుండాదా? వీధిలో బోర్లన్నీ గాలి కక్కినాయి. ఇది మాత్రం పాతాకు రాల్చి, ఉగాది వస్తానే లేతాకు తొడుక్కునింది. తలుపులు చేయించుకునేకి బుక్కరాయసముద్రం అంతా మన వాకిట్లోకే వచ్చేది. వచ్చినోళ్లు నువ్వు బాడిసె పట్టేలోపల నీ పక్కనే కునుకు తీసేటోళ్లు. తలుపు కొలత చెప్పేది మరిచిపోయి, లేచి, నీళ్లు తాగి పోయేటోళ్లు!

ఈ ఏడూ ఆకు రాల్చింది. చిగురెయ్యలేదు.

ఉగాది పాయె, శ్రీరామనవమి పాయె. నువ్వు మంచం మీద పండుకుని ఒక్కో కొమ్మా చూస్తాంటివి. నేను నిన్ను చూస్తాంటి. ఇంటాయన పడిపోయినాడని చెట్టుకు దిగులు పట్టుకునిందే అని యశోదమ్మ అంటే నేను తల ఊపినా. ఊపక ఏం చేయల్ల?

గుర్తుండాడా, నువ్వు పడిపోయిన నెలకు కొత్తచెరువు నుంచి వచ్చినాడే, వాస్తు చూసేటాయన? పక్క జాగా చూసేకి వచ్చి మన గడప కాడ నిలబడిపాయె. ఎండన పడి వచ్చినాడు కదా అని మజ్జిగిస్తి. తాగి, నిన్ను చూసి, చెట్టును చూసి, నన్ను పక్కకు పిలిచినాడు. తలవాకిలికి ఎదురుగా చెట్టమ్మా, అది పెరిగే కొద్దీ ఇంటాయన కుంగిపోతాడు, అది పోతే లేస్తాడు అన్నాడు.

లేస్తాడు అన్నాడు మామా. డాక్టర్లు ఒక్కరన్నా ఆ మాట అన్నారా నాతో?

గొడ్డలి మాత్రం పెట్టొద్దు అన్నాడు. నీ చేత్తో నాటింది కాబట్టి దెబ్బ నీకే తగులుతాదంట. దానంతట అదే ఎండినట్టు ఉండల్ల. ఇంట్లో పచ్చని తీగ పాకిచ్చు, కొనద్దు, ఎవురికీ తెలీకుండా తెస్తేనే కలిసొస్తాది అని కూడా చెప్పినాడు. అనంతపురంలో మా చెల్లెలు వనజాక్షి కొత్తిల్లు చేరినప్పుడు, అందరూ భోజనాలకి కూర్చున్యాక, వసారాలో ఉండే మనీప్లాంటు గిల్లి కొంగులో కట్టుకుంటి. యాభై నాలుగేండ్లొచ్చి దొంగతనం చేస్తి. అయినా నువ్వు లేస్తావు కదా అనుకుంటి.

అట్ల చూడొద్దు. నువ్వు నవ్వుతావనే నీకు చెప్పలేదు. నువ్వు లేచి నడిస్తే చెట్టుదేముంది, ఇంకొకటి నాటుకుందాం అనుకుంటి. నాకేం పగనా దాని మీద? నా బిడ్డలకు ఉయ్యాల కట్టిన చెట్టు అది!

కార్తీక సోమారం. మజ్జానం. వీధిలో పురుగు లేదు. నీ పనిముట్ల పెట్టె తెరిచి బొక్కలు పెట్టే బరమా తీసినా. నువ్వు చమురు పెట్టి గుడ్డలో చుట్టి పెట్టుకున్న బరమానే. నువ్వు మంచం మీద గురక పెడతాండావు. నేను అవతలి పక్క, మాను మొదట్లో కూలబడి తిప్పినా. పచ్చి మానుకు బొక్క పెట్టేది అంత కష్టమని నాకేం తెలుసు? చేతులు బొబ్బలెక్కినాయి. నాలుగు చోట్ల పెట్టినా. మానును చంపుతాదంటారే, ఆ ఇంగువ ముద్ద కూరి, చాలదేమోనని బాత్రూము కడిగే యాసిడ్డు కూడా పోసి, పైన బంకమట్టి మెత్తినా.

గురక ఎప్పుడు ఆగిందో నాకు తెలీదు. లేచి తిరిగి చూస్తే నీ కండ్లు తెరుచుకునుండాయి.

అప్పుడే మెలకువ వచ్చిందిలే అనుకుంటి. బరమా కొంగు కింద పెట్టుకుని లోపలికి వస్తి. మర్సనాడు చారులో ఇంగువ పోపు పెడితే నువ్వు మొగం తిప్పుకుంటివి. ఇంగువ లేకపోతే అది చారే కాదనేటోడివి నువ్వు! ఆ పొద్దు నుంచి నేను ఇంగువ డబ్బా ముట్టలేదు. ఇంట్లో ఆ వాసనే లేకుండా చేసినా. ఈ పొద్దు కావాలనే వేసినా. ఏం చేస్తావో చూద్దామని వేసినా మామా.

చూసినా కదా.

నువ్వు లేయలేదు. ఆ చెట్టు ఎండే కొద్దీ నువ్వూ ఎండుకుంటా వస్తివి. మొదట ఎడమ చెయ్యి ఆడేది, మంచం పక్కన మానును తడిమేటోడివి. ఇప్పుడు అదీ ఆడదు. ఈ తీగను మటుకు ఎవురూ ఆపలేకుండా ఉండారు, నిన్నటికీ ఈ పొద్దుకూ ఇంకో ఆకు విచ్చుకునింది, నీ తలకాయకు నేరుగా.

నిన్న కొమ్మ పడినప్పుడు మానుకుండే మట్టి పెళ్ల కూడా రాలిపాయె. బొక్క కనపడింది. యశోదమ్మ వేలు పెట్టి చూసి, వాసన చూసి, ఎవురో పాపిష్టోళ్లు మందు పెట్టినారే అనింది. ఆ యమ్మ ఊరుకుంటుందా? నీ మీదికి వంగి, అన్నా, నువ్వు రోజంతా ఈడే ఉంటివి కదా, ఎవురినన్నా చూసినావా అని అడిగింది.

నువ్వు రెండుసార్లు మూసినావు. గట్టిగా. నన్ను చూస్తా మూసినావు.

పోయిన ప్రాణం తిరిగొచ్చింది నాకు. మళ్లా కుదురుగా ఉండలేకపోతి. ఎవురినీ చూడనోడు నన్నెందుకు చూడల్ల ఆ యాళలో?

ఆర్నెల్లుగా నోటి దాకా వస్తాది, మింగుతాండా. ఇప్పుడు అడుగుతా. విసనకర్ర కింద పెడతాండా, చూడు. ఆ తీగ దిక్కు కాదు, నా దిక్కు చూడు. నేను చెట్టు కాడ కూర్చున్నప్పుడు నువ్వు మేల్కొనుంటివా? చూసినావా నన్ను?

ఔనంటే ఒకసారి. కాదంటే రెండుసార్లు.

ఒకటి...

ఇంకోసారి మూయి. చెమట కారిందా కంట్లోకి? ఉండు, తుడుస్తా. ఇప్పుడు మూయి. నీ కోసమే చేసినానని తెలుసు కదా నీకు, తెలుసు కదా? ఇంకొక్కసారి మామా, నీ కాళ్లు పట్టుకుంటా.

యశోదమ్మకు చెప్పిన అబద్ధం నాకు చెప్పవా?