గంగాధరప్పగారి స్టిక్కు

1956. ఒక శనివారం మధ్యాహ్నం ధర్మవరం స్టేషను నుంచి ఊళ్లోకి పోతున్న జట్కా. అందులో పెనుకొండ పశువుల డాక్టరు జయరాముడు, మొన్న వేసవిలో అతను పెళ్లాడిన సరస్వతి.

“పూలెందుకు తీసేసినావు సరసూ?”

“తియ్యకుండా? మొగుడు పోయినామె ఇంటికి తలనిండా మల్లెపూలు పెట్టుకొని పోతామా? ఇదో, కర్చీఫులో మూటగట్టినా. వచ్చేటప్పుడు మళ్ళా మీరే పెట్టాల.”

“జట్కాలోనా? ఊరంతా చూస్తుంది.”

“చూడనీండి. అబ్బా, ఆ వీధి చూడండి! ఈ కొస నుంచి ఆ కొసకు పడుగు దారాలు సాగదీసినారు. అంతా పట్టే! వంకాయ రంగు! దాని కింద దూరిపోతే ఎట్లుంటుందో...”

“సరసూ, నా గోడు కొంచెం విను. రేపు సభలో నేనేం మాట్లాడాల?”

“అందుకే గదా పోతాండేది. ఆయమ్మను అడుగుదాం, నేను రాసిస్తా. కాలేజీ డిబేట్లలో కప్పు గెలిచినదాన్ని నేను.”

“కప్పు సంగతి సరే. మా రూలు నీకు సరిగ్గా తెలుసునా?”

“తెలీక? నిద్రలో కూడా అదే చెప్తాండారు. పెనుకొండ గోల్ఫ్ క్లబ్బులో ఉండేది ఇరవై స్టిక్కులు. మనిషికొకటి, కాబట్టి ఇరవైమందే మెంబర్లు. ఎవరన్నా పోతే ఇంట్లోవాళ్లు ఆయన స్టిక్కు కడిగి వెనక్కి పంపాల. ఆ స్టిక్కు దొరికినోడే కొత్త మెంబరు. ఏటా పోయినోళ్లను తలుచుకునే రోజున, కొత్తాయన ఎవరి స్టిక్కు పట్టుకున్నాడో ఆయన్ను గురించి నాలుగు మాటలు చెప్పాల. చెప్పినాకే జెండా కాడ మొదటి దెబ్బ. అంతే గదా?”

“చెప్పలేకపోతే?”

“స్టిక్కు మళ్ళా గోడకు, మీరు మళ్ళా ఇంటికి. నాకేం నష్టం లేదప్పా.”

“మిగతా పందొమ్మిదిమందినీ అడిగినా సరసూ. గంగాధరప్ప అంటే ఏం చెప్తారు? ధర్మవరం పట్టుచీరల వ్యాపారి, ఆదివారం ఆదివారం రైల్లో వచ్చేటోడు, మంచి మనిషి. అంతే. ప్లీడరు ఎర్రిస్వామిగారు ఒక్కరే ఇంకో మాట చెప్పినారు.”

“ఏమని?”

“ఆట రాదని.”

“అయ్యో! అది సభలో చెప్తారా ఏంది? ఇంతకీ ఆ స్టిక్కు ఎందుకు మోసుకొచ్చినారు?”

“ఆయమ్మకు చూపిద్దామని. చూడు, పిడికి పచ్చపట్టు పీలిక చుట్టి పంపింది. ఎంత ప్రేమ ఉంటే అట్ల చుడుతుంది!”

“వద్దు, నాకిప్పుడే ఏడుపొస్తుంది. కానీ ఒకటి చెప్తాండా. ఈ పుల్ల వచ్చినప్పటి నుంచి మన ఇంట్లో ముగ్గురమైనాం. ఆదివారం తెల్లారితే మీరూ అదీ ఒక జట్టు, నేనూ పొయ్యీ ఒక జట్టు.”

“నువ్వూ రా గ్రౌండుకు. కొండ నీడ ఉంటుంది, చుట్టూ గొర్రెలు మేస్తాంటాయి.”

“గడ్డి పోచ లేని నేల. ఏం మేస్తాయి?”

“తుమ్మకాయలు. ఒక్కోసారి మా బంతులు.”

గంగాధరప్ప ఇంటి వాకిలి. తలుపు తీయబోతున్నది ఆయన భార్య యశోదమ్మ.

“ఏమండీ, లోపల పాట వినపడతాండాది. ఈ ఇంట్లో పాటా?”

“ష్. తలుపు తీస్తాండారు.”

“ఎవురప్పా మీరు? చీరలకా? రండి, లోపలికి రండి. రేపటికి శెనగబేళ్లు ఏరుకుంటా ఉంటి, వినపడలే. ఏమ్మా, కొత్త పెండ్లికూతురి మాదిరి ఉండావు, తల్లో పూలేవి?”

“ఏమండీ.”

“ఉండు సరసూ. అమ్మా, మేము పెనుకొండ నుంచి వచ్చినాం. మీ దుఃఖాన్ని మళ్ళా రేపుతాండామని అనుకోవద్దు గానీ...”

“ఏమండీ! ఆమె నుదురు చూడండి. కుంకుమ. రూపాయి బిళ్లంత.”

“చెవిలో ఏం చెప్తాండాది నాయనా నీ పెండ్లాం?”

“ఏం లేదమ్మా. ఇది... గంగాధరప్పగారి ఇల్లే గదా?”

“ఇదే. ఆకువక్కకని అంగడికాడ నిలబడి ఊరి మాటలన్నీ మాట్లాడుతాంటాడు. వచ్చేస్తాడు. కూచోండి.”

“పెద్దమ్మా, కోప్పడొద్దు. పెద్దనాయన బాగుండారా?”

“ఏనుగు మాదిరి ఉండాడు. ఎందుకట్ల అడుగుతావు?”

“క్లబ్బు గోడకు ఆయన పటం ఉండాదంట. దండేసి.”

“దండ ఎందుకేస్తారే?”

“నాలుగేండ్ల నుంచి ఏటా ఆయన పేరు చదివి, అందరూ లేచి నిలబడతాండారంట పెద్దమ్మా.”

“ఓరి దేవుడా! నా మొగుడు సచ్చినాడని ఎవుడు చెప్పినాడప్పా వాళ్లకు?”

“మీరేనమ్మా.”

“నేనా?”

“ఇదో. పేపరు విప్పుతాండా, చూడండి. ఈ స్టిక్కు మీరు పంపిందే గదా?”

“దాన్ని... దాన్ని యాడ నుంచి తెచ్చినావు? మూసెయ్యి! ఆ పేపరు చుట్టు!”

“అమ్మా, మా క్లబ్బులో స్టిక్కు కడిగి పంపినారంటే దానికి ఒకటే అర్థం. ఆ మనిషి ఇంక లేడని.”

“నాకేం తెలుసు నాయనా? దుమ్ము కొట్టుకొని ఉంటే కడిగినా. పట్టు అంటావా, మా ఇంట్లో మామిడికాయల బుట్ట ఊరికి పంపినా ఒక పీలిక చుట్టే పంపుతాం.”

“మరి పంపడమెందుకు పెద్దమ్మా?”

“నవ్వకూడదు.”

“ఒట్టు.”

“వారమంతా మగ్గాలు, బేరాలు, వచ్చేటోళ్లు, పోయేటోళ్లు. ఆదివారం ఒక్కటే మా ఇంట్లో సద్దు ఉండదు. ఆ ఒక్క దినమూ ఈయప్ప తెల్లారక ముందే రైలెక్కేస్తాడు. పొద్దుగూకినాక వస్తాడు, పంచె నిండా పల్లేరుకాయలు. నేను దీపం కాడ కూచొని పీకాల. ఏండ్లకేండ్లు పీకినానమ్మా! ఒగనాడు వేసారిపోయి ఆ కట్టెను బస్సోడి చేతికిచ్చి పంపేసినా. ఈయప్పకేమో, దొరలు పోయినారు గదా, క్లబ్బు మూసేసినారంట, కట్టెలన్నీ వెనక్కి తీసుకుంటాండారంట అని చెప్పినా.”

“నమ్మినారా?”

“పసిబిడ్డ మాదిరి. అదే నా పాపం. బెంగుళూరుకు పట్టునూలుకు పోయేటప్పుడు కూడా పెనుకొండ వస్తే రైలు కిటికీ మూసుకుంటాడంట, ఆ నేల చూడలేనని.”

“అయ్యో, పాపం!”

“ప్రతి ఆదివారం పెరట్లో గొడుగు తిరగేసి పట్టుకొని నిమ్మకాయను కొడతాడు. కొట్టి ఒక నిట్టూర్పు. ఆ నిట్టూర్పు వినలేక నేను పొయ్యి ముట్టించి బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేస్తా. ఇంగేం చెయ్యగలను, చెప్పు? క్లబ్బయితే తెచ్చియ్యలేను గదా.”

“సరసూ, ఆయనకు మనం నిజం చెప్పాల.”

“చెప్తే మీ స్టిక్కు?”

“నాది యాడిది? ఆయన బతికుండంగా అది ఆయనదే.”

“అంటే మీరు మెంబరు కారు.”

“కాను.”

“అయ్యో, మీ మొహం చూడండి, ఇప్పుడే ఎట్ల వాడిపోయిందో.”

“చెప్పొద్దు నాయనా, నీకు దండం పెడతా! ఇన్నాళ్లూ అబద్ధం చెప్పి కాపురం చేసిందని తెలిస్తే ఈయప్ప నా మొగం చూస్తాడా? అదో, చెప్పుల సప్పుడు! వస్తాండాడు. ఆ కట్టెను ఆ మగ్గం కింది గుంతలో పడెయ్యి! బిరబిరా!”

“పడేసినానమ్మా.”

“ఎవురే యశోదా? చుట్టాలా?”

“పెనుకొండోళ్లంట. చీరకొచ్చినారు.”

“పెనుకొండా! ఏమప్పా, కొండ కింద ఒక మైదానం ఉండె. చూసినావా?”

“చూసి... చూసినానండి.”

“ఏముండాదప్పా ఆడ ఇప్పుడు?”

“గొర్రెలుండాయండి.”

“జెండాలు?”

“జెండాలంటే... గాలికి...”

“ఈయన పశువుల డాక్టరు పెద్దనాయనా. గొర్రె తప్ప ఇంకేం కనపడదు.”

“హూఁ. గొప్ప క్లబ్బమ్మా అది. రేపు పోయినోళ్లను తలుచుకునే దినం. క్లబ్బే పోయినాక ఇంగెవురు తలుచుకుంటారు? నేనే పెరట్లో నిలబడి ఒక్కొక్కరి పేరూ చెప్పుకుంటా.”

“ఎవరెవరు పెద్దనాయనా?”

“రైల్వే దొర ఒకడుండె. బంతి గుంతలో పడితే టోపీ తీసి ఆ గుంతకు నమస్కారం చేసేటోడు. డాక్టరు ఆంజనప్ప, కొట్టే ముందు బంతికి నాడి చూసేటోడు. నవ్వుతావేమమ్మా? నిజం! వేలు పెట్టి చూసి, బాగుండాది, కొట్టొచ్చు అనేటోడు. ప్లీడరు ఎర్రిస్వామి, బంతి కంపలో పడితే తప్పు కంపదేనని వాదించేటోడు. ఏమైనాడో పాపం.”

“ఆయన ఉండా...”

“ఉండాడా?”

“ఉండొచ్చండి. ఆరోగ్యం బాగుంటే.”

“మరి మీరు ఎట్ల ఆడేటోళ్లు పెద్దనాయనా?”

“నాకు ఆట రాదమ్మా.”

“ఊరికే చెప్తాండారు.”

“నిజంగానే రాదు. అయితే ఎవురి బంతి కంపల్లో పోయినా వాళ్లెంబడి ఎతికేదానికి నేను పోయేటోణ్ణి. ఎండలో కంప కింద వంగినప్పుడు మనుషులు భలే మాట్లాడతారమ్మా. కూతురి పెండ్లి, తమ్ముడితో తగువు, కడుపులో నొప్పి, అన్నీ చెప్తారు. బంతి దొరికిందా, నోరు మూసుకుంటారు. అందుకని ఒక్కోసారి బంతి నాకు ముందే కనపడినా కాలి కింద పెట్టుకొని ఎతుకుతాంటి.”

“అందుకేనా పంచె నిండా పల్లేరుకాయలు!”

“పల్లేరుకాయల సంగతి నీకెట్ల తెలుసమ్మా?”

“అంటే... కంపల్లో తిరిగితే అంటుకుంటాయి గదా పెద్దనాయనా.”

“ఈయప్ప మాటలకేంలే, చీర చూడమ్మా, చీర! ఈ వంకాయ రంగు చూడు. నీకోసమే నేసినట్లుండాది. తీసుకో, తీసుకో. రైలు టైమయితాంది, లేయండి!”

వీధి చివర. జట్కా మెల్లగా కదులుతున్నది.

“పూలు పెట్టండి. పెద్దమ్మ తిట్టింది గదా.”

“ఇట్ల తిరుగు. సరసూ, నోటి దాకా వచ్చింది తెలుసునా? చెప్పేద్దామని.”

“నాకూ. ఆయన హూఁ అని నిట్టూర్చినప్పుడే చెప్పేద్దామనుకున్నా.”

“ఎంత బాగుండాయి ఆ మాటలు! కంప కింద వంగితే మనుషులు మాట్లాడతారంట. రేపటికి అంతకంటే ఏం కావాల? కానీ చెప్పాలంటే ఆయన పోయి ఉండాల గదా!”

“మరేం చేస్తారు?”

“సభలో లేచి ఒకటే చెప్తా. ఈయన బతికుండాడు, పటం దించండి, స్టిక్కు పంపించెయ్యండి అని. పెద్దమ్మ పేరు రాకుండా చూసుకుంటా.”

“నిజంగానా? అదంటే మీకు ప్రాణం గదండీ.”

“నీకు పల్లేరుకాయలు పీకే పని తప్పుతుంది.”

“నేను పీకుతానని ఎవరు చెప్పినారు మీకు? పీకుతానులే. అది సరే, స్టిక్కు యాడ?”

“నీ కాడ లేదా?”

“మగ్గం గుంతలో!”

“అయ్యో! జట్కా ఆపప్పా, ఆపు!”

“ఆగండి, ఆగండి. అదో, పెద్దనాయనే వస్తాండారు పరుగెత్తుకుంటా. చేతిలో... ఏమండీ, ఆ పేపరు చుట్ట!”

“అబ్బబ్బా, రొప్పొచ్చింది. ఏమప్పా డాక్టరూ, ఇది మరిచిపోతే రేపు జెండా కాడ మొదటి దెబ్బ దేంతో కొడతావు?”

“జెండా... మీకు...”

“పట్టు పీలిక ఇంకా ఊడలే, చూడు. గట్టిగానే చుట్టింది.”

“పెద్దనాయనా! మీకు తెలుసా?”

“నెలనెలా బెంగుళూరుకు పోతాండా గదమ్మా. కిటికీ మూసుకుంటానని చెప్పినా. మూసుకుంటానా? ఒకసారి దిగి చూసి కూడా వచ్చినా, ఎవురూ లేనప్పుడు. పటం బాగానే ఉండాది. దండ ఇంకొంచెం మంచిది ఎయ్యొచ్చు.”

“క్షమించండి. ఇది మీది, మీరే పెట్టుకోండి. రేపు నేనే సభలో చెప్తా, మీరు బతికే ఉండారని.”

“గట్టిగా మాట్లాడొద్దప్పా! వాకిట్లో నిలబడి చూస్తాండాది, చుట్టలో ఏముండాదో నేను విప్పి చూడలేదనుకుంటాంది. నవ్వు మొగం పెట్టి చెయ్యి ఊపు. నువ్వూ ఊపమ్మా.”

“ఊపుతాండా. కానీ పెద్దనాయనా, మరి ఆ గొడుగు? ఆ నిట్టూర్పు? అవతల పెద్దమ్మ పాపం చేసినానని కుమిలిపోతాండాది. తెలుసునని ఒక్క మాట చెప్తే ఏం పోయె?”

“ఏం పోతుందో చెప్పనా? పెండ్లయి అన్నేండ్లయినా, ఆమెకు పాట వచ్చునని నాకు తెలీదమ్మా. నేనెప్పుడు ఇంట్లో ఉంటి? ఈ కట్టె పోయినాక మొదటి ఆదివారం, ఓళిగలకు పూర్ణం రుబ్బుకుంటా, నేను పెరట్లో ఉండానని మరిచిపోయి, సన్నగా ఎత్తుకుంది. గొడుగు పట్టుకొని అట్లే నిలబడిపోయినా.”

“అందుకని...”

“అందుకని నేను హూఁ అనాల, అంటేనే ఆమె ఓళిగలకు కూచుంటుంది, కూచుంటేనే పాడుతుంది. నా కట్టె నువ్వే పట్టుకో నాయనా, రేపు సభలో లేచి అందరికీ వినపడేటట్లు చెప్పు: గంగాధరప్ప పోయినాడు, ఇంగ రాడు.”