ఆరు పూసలు

కర్ణాటక మలెనాడులో ఒక తాలూకా ఊరు, వాన విడవని మధ్యాహ్నం. సర్కారు వినికిడి కేంద్రంలో పద్దెనిమిదేళ్ళుగా పిల్లలకు మాటలు నేర్పుతున్న నాగవేణి, బెంగళూరు నుంచి టాబ్ పట్టుకుని పరీక్షకు వచ్చిన ఆవిడ దగ్గరే ఈ పనిలో ట్రైనింగ్ అయిన పాత విద్యార్థిని చందన. పరీక్షించాల్సిన పిల్ల సించన తలుపు అవతల తల్లి ఒళ్ళో ఉంది.

“ఆ కాలమ్ లేదు మేడమ్.”

“లేకపోవడమేంటి? చెవి మిషను పనిచేస్తోందా లేదా అని ఎక్కడో ఒకచోట అడగాలిగా.”

“మిషను ఉందా అని మాత్రమే ఉంది. ఉంది అని నొక్కాను.”

“ఉంది, చెవి వెనక తగిలించుకునే ఉంది. దాని తీగ తెగి రెండు నెలలైంది. ఆపరేషన్ చేసి తలలో పెట్టినదానికి చప్పుడు మోసుకెళ్ళేది ఆ తీగే. అది లేకపోతే చెవికి ప్లాస్టిక్ ముక్క వేలాడదీసుకున్నట్టే. రెండు నెలలుగా సించనకి పక్కన పిడుగు పడినా తెలీదు చందనా.”

“తీగ మార్చమని రాయలేదా?”

“మూడుసార్లు రాశాను. పాత పథకం వాళ్ళేమో మూసేశాం అన్నారు. కొత్త ట్రస్టు వాళ్ళేమో ముందు పిల్ల పరీక్ష పాసవ్వాలి, తర్వాతే సామాను అన్నారు. ఆ పరీక్షకే నువ్వొచ్చావు.”

“పోనీ బయట కొని...”

“నేనే కొంటానన్నాను. పథకం కింద పెట్టిన మిషనుకి పథకం ద్వారానే ఇస్తాం, మనుషుల చేతికివ్వం అంది కంపెనీ. ఇంకో పిల్లది తీసి పెడదామంటే, ఆ రకం మిషను ఈ తాలూకాలో ఇంకెవరికీ లేదు. ఇంకేమైనా అడుగుతావా?”

“నామీద కోపమెందుకు మేడమ్?”

“ఎదురుగా ఉన్నది నువ్వే కాబట్టి.”

“సర్లెండి.”

“పాసవకపోతే ఏం రాస్తావు?”

“నేను రాయను. దానంతటదే వస్తుంది.”

“ఏమని?”

“మీకు తెలుసుగా.”

“నీ నోటితో విందామని.”

“ప్రయోజనం లేదు అని.”

“తర్వాత?”

“తీగలు, బ్యాటరీలు, ఇక్కడి క్లాసులు, అన్నీ ఆగిపోతాయి. ఇలాంటి పిల్లలు ఎక్కువైతే మీ కేంద్రం కూడా...”

“నా సంగతి వదిలెయ్. నేను ఎక్కడో ఒకచోట బతుకుతాను. అది అయిదేళ్ళది. ఇప్పుడాగితే ఆగినట్టే. మూడో ఏట నా దగ్గరికి వచ్చినప్పుడు దాని నోట్లో ఒక్క ముక్క లేదు. మొన్న మే నెలలో ‘మిస్, మీ చీర మీద కాఫీ పడింది’ అంది. నేను బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను. దానికి ప్రయోజనం లేదట.”

“టైమవుతోంది మేడమ్. మీ చట్రం ఇవ్వండి.”

“ఏ చట్రం?”

“నోటికి అడ్డం పెట్టుకునేది. సర్క్యులర్లో నాలుగో నంబరు. పరీక్ష చేసేవాళ్ళు నల్లగుడ్డ చట్రం తప్పనిసరిగా వాడాలి.”

“ఎంబ్రాయిడరీ చట్రానికి పాడైన స్పీకరు గుడ్డ నేను కుట్టుకున్నది... సర్క్యులర్లోకి ఎక్కిందా?”

“మీ దగ్గర చదివినవాళ్ళం అక్కడ ముగ్గురం ఉన్నాం. గుడ్డలోంచి శబ్దం రావాలి, పెదాలు కనబడకూడదు, పెదాలు చూసి చెప్పే పిల్ల విన్నట్టు కాదు. రోజూ అనేవాళ్ళుగా.”

“అనేదాన్ని. ఇవాళ ఆ గుడ్డ వద్దు.”

“ఏంటి?”

“పెదాలు చూస్తే పట్టేస్తుంది. ఈ రెండు నెలల్లో వాళ్ళమ్మ నేర్పింది. వక్కలు ఒలుస్తూ ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పింది. నేను గిరిజని తిట్టాను కూడా, రెండేళ్ళు తంటాలుపడి మాన్పించిన అలవాటు మళ్ళీ చేస్తున్నావేంటని. ‘మరి నేను నా పిల్లతో ఎట్లా మాట్లాడను మిస్’ అంది. ఏం చెప్పను?”

“మీరేనా ఈ మాటంటున్నది? ట్రైనింగ్ మూడో సంవత్సరంలో ఒక్కసారి, ఒక్కసారి నేను చట్రం లేకుండా పరీక్ష చేశానని, క్లాసందరి ముందూ నా రికార్డు పుస్తకం చించారు.”

“చించాను.”

“వారం రోజులు అన్నం సయించలేదు నాకు.”

“తప్పు నేర్చుకుంటావని చించాను. ఇవాళ తప్పని తెలిసే అడుగుతున్నాను. తీగ ఒక్కటి వస్తే చాలు. మళ్ళీ మామూలుగా నేర్పుకుంటాను.”

“వీడియో తీయాలి మేడమ్. బెంగళూరులో చూస్తారు.”

“ఇప్పుడు మనం మాట్లాడుకున్నట్టు మాట్లాడితే అందులో పడుతుందా?”

“శబ్దం రాదు, బొమ్మ ఒక్కటే. శబ్దముంటే ఫైలు బరువెక్కి నెట్‌లో వెళ్ళట్లేదని తీసేశారు.”

“వినికిడి పరీక్ష వీడియోలో శబ్దం తీసేశారు.”

“నవ్వకండి.”

“నేను నవ్వట్లేదు. టాబ్ ఎక్కడ పెడతావు?”

“నా వెనక, స్టాండు మీద. పిల్ల మొహం, చట్రం అంచు కనబడాలి. పిల్లని ఎవరూ ముట్టుకోకూడదు. మధ్యలో ఆపితే ఫెయిలే, మళ్ళీ తీయనివ్వదు.”

“అయితే నీ నోరు కనబడదు.”

“కనబడదు.”

“చందనా.”

“నాదీ కాంట్రాక్టే మేడమ్. ఏడాదికోసారి సంతకం.”

“తెలుసు.”

“మొన్నే మా ఆయనకి పని పోయింది.”

“అది తెలీదు. పోనీలే, వద్దులే అమ్మా. నేను అడగలేదనుకో.”

“కత్తెర ఉందా?”

“ఎందుకు?”

“చట్రం ఉండాలి. గుడ్డ ఉందో లేదో వెనకనుంచి ఎవరికి తెలుస్తుంది?”

“ఇదిగో.”

“మీ కుట్టు ఇంత గట్టిగా వేశారేంటి.”

“ఇలా తే, నేను తీస్తాను. గిరిజా, పిల్లని పంపు. నువ్వు బయటే ఉండు, ఏం భయం లేదు. రా తల్లీ, ఇక్కడ కూర్చో. నా మొహం చూడు. ఇవిగో పూసలు, ఆరు. చెవి దగ్గర పెట్టుకోవాలి, వినబడగానే డబ్బాలో వెయ్యాలి. గుర్తుందిగా?”

“గుర్తుంది మిస్. ఆ, ఈ, ఊ, మ్, ష్, స్.”

“చూశావా, నా పెదాలు చదివే చెప్పింది. చందనా, నువ్వూ నోరు బాగా తెరిచి అను.”

“మీరు టాబ్ వెనక్కి జరగండి, వీడియోలో పడతారు. ఒక్కో శబ్దానికి పది సెకన్లు. మొదలుపెడుతున్నాను. ఆ...”

“వేసిందా?”

“లేదు.”

“ఇంకోసారి అను.”

“ఒక్కోటి ఒక్కసారే. ఈ...”

“వేసిందా?”

“లేదు మేడమ్. అసలు నన్ను చూడట్లేదు.”

“చూడకపోవడమేంటి?”

“కళ్ళు మూసుకుంది. గట్టిగా. నేను చట్రం ఎత్తగానే మూసేసింది. ఊ...”

“అయ్యో.”

“ఏంటి?”

“నేనే నేర్పాను. మొదట్లో చట్రం పక్కనుంచి తొంగిచూసేది. చట్రం లేచిందంటే కళ్ళు మూసుకోవాలి, చెవితోనే వినాలి అని రెండేళ్ళు నేర్పాను. ఇవాళ ఆ సంగతే మర్చిపోయాను.”

“నేల మీద తట్టండి, అదురు తెలుస్తుందేమో. మ్...”

“తడుతూనే ఉన్నాను. గచ్చు నేల, ఎక్కడ అదురుతుంది? దాని కుర్చీ లాగనా?”

“కుర్చీ వీడియోలో ఉంది. ష్...”

“తెరువు తల్లీ. ఒక్కసారి కళ్ళు తెరువు. ఈ ఒక్కసారికి నా మాట వినకు.”

“ఎవరితో మాట్లాడుతున్నారు మేడమ్? తనకి వినబడదు.”

“తెలుసు. ఎన్ని మిగిలాయి?”

“ఒకటి. పూస చెవికి ఆనించుకుని నవ్వుతోంది మేడమ్.”

“ఆగు, ఆగు, వెంటనే అనకు. తెరుస్తుందేమో.”

“టైము ఆగదు. స్...”

“వేసిందా?”

“అయిపోయింది మేడమ్.”

“మిస్, ఇంకా మొదలుపెట్టలేదా?”