మూడో పీరియడు తర్వాత అన్నం గంట

అధ్యక్ష స్థానంలో ఉన్న మన ప్రధానోపాధ్యాయురాలు నాగరత్నం మేడం గారికి, గోదావరిఖని నుంచి ఇంత ఎండలో ఆటోల్లో వచ్చిన పాత విద్యార్థులకు, డ్యూటీ మార్చుకుని వచ్చిన తండ్రులకు, కుర్చీలు పెద్దలకు వదిలేసి వెనక జంపఖానా మీద కూర్చున్న తల్లులకు నమస్కారాలు. ఈరోజు పదవీ విరమణ చేస్తున్న విష్ణువర్ధన్ గారికి మాత్రం విడిగా నమస్కారం పెడుతున్నాను, ఎందుకంటే నేను మాట్లాడబోయేది ఆయన మీద నాకున్న అసూయ గురించి. (నవ్వులు) నవ్వకండి, నిజంగానే చెబుతున్నాను.

ఆఫీసు గదిలో రోజువారీ లెక్క రాసుకునే ఈ గుమాస్తా ముత్యానికి మైకు ఇవ్వాలని పట్టుబట్టింది మమత టీచర్. తప్పు ఆమెది.

మనది చిన్న బడి. ఆరు నుంచి పది దాకా ఐదు తరగతులు, నలుగురు టీచర్లు. నలుగురితో ఐదు తరగతులు నడపాలంటే టైంటేబుల్ ఎంత చిక్కో, అది వేసిన వాళ్లకే తెలుస్తుంది. ఏటా బడి తెరిచే ముందు విష్ణువర్ధన్ గారు వరండాలో నేల మీద సుద్దతో గడులు గీసి మధ్యలో కూర్చునేవారు. నల్లా నీళ్లకు పోయే ఆడవాళ్లు బిందెలు దించి మరీ ఆగేవారు. "సారూ, మా రుత్విక్‌కు పొద్దుగాల్నే లెక్కలు పెట్టకుండ్రి, ఆవులిస్తనే ఉంటడు" అని ఒకామె, "అయితె మా పిల్లకు పెడుతవా, మాదేమన్న కోడిపుంజా?" అని ఇంకొకామె. ఆయన నవ్వుతూ అరచేత్తో చెరిపేవారు, మళ్లీ రాసేవారు. నేను కిటికీలోంచి చూసేవాణ్ణి. ఆ ఆడవాళ్లు నా దగ్గరికీ వచ్చేవారు లెండి. గడప దగ్గర నిలబడి "పోరనికి బోనఫైడ్ కాయితం గావాలె" అనేవారు, తీసుకుని పోయేవారు.

నేను పిల్లవాడిగా బడికి పోలేదు. ఇక్కడ ఊడుస్తూ, నీళ్లు మోస్తూ, అక్షరాలు కూడబలుక్కుని, ప్రైవేటుగా పరీక్షలు రాసి ఆఫీసు గదిలో కుర్చీ దాకా వచ్చాను. ఏ టైంటేబుల్ కిందా ఒక్క పూట కూర్చోని మనిషికి ఆ గడుల మీద ఎంత ఆశ ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఒక ఏడు అంజి వాళ్లమ్మ వచ్చింది. "మా ఇంటాయన రెండో షిఫ్టు సారూ. పోరడు బడికి పొయ్యేటప్పుడు పండుకొని ఉంటడు, వచ్చేటాలకు బొగ్గుబాయిల ఉంటడు. వారమంత తండ్రి మొకమే సూడడు" అంది. సారు గడుల వంక చూసి, తండ్రులు డ్యూటీకి బయల్దేరాక మోగే నాలుగో పీరియడు తర్వాతి అన్నం గంటను మూడో పీరియడు తర్వాతికి జరిపారు. అంతే, ఆ ఏడు నుంచి పిల్లలు ఇంటికి ఉరికి, తండ్రి బాయికి పోకముందే ఆయనతో కలిసి తిని వస్తున్నారు. ఆ రాత్రి మా ఇంటామె రమ "సారు ఎంత మంచి పని చేసిండో ఎరుకేనా!" అని వడ్డిస్తూనే పొగిడింది. ఆ పూట కూరలో ఉప్పు ఉందో లేదో నాకు తెలియలేదు. (నవ్వులు)

సారు తప్పు చేయలేదా? చేశారు. ఒకసారి ఆమని టీచర్‌కు ఒకే పీరియడులో తొమ్మిదీ పదీ రెండూ రాసేశారు. ఆమె రెండు తరగతులనూ చెట్టు కింద కలిపి కూర్చోబెట్టి కథలు చదివించింది, మరుసటి ఏడు పిల్లలే ఆ పీరియడు మళ్లీ కావాలని అడిగారు. నేను తప్పు చేస్తే మెమో వస్తుంది. ఆయన తప్పు చేస్తే ఆనవాయితీ అవుతుంది.

పోయిన వారం ఆయన ఆఫీసు గదికి వచ్చి, "ముత్యం, ఇకనుంచి టైంటేబుల్ మమత వేస్తుంది" అన్నారు. ఇన్నేళ్లలో ఆయన్ని నేనేమీ అడగలేదు, ఆ రోజు అడిగాను. "నాకియ్యచ్చు గద సారూ?"

"గడులు నీకంటే బాగా ఎవరు నింపుతారయ్యా? కానీ గడప దగ్గరికి వచ్చినవాళ్లు వంచిన నీ తల చూసి, చెప్పాల్సింది చెప్పకుండానే వెళ్లిపోతారు" అన్నారు.

వారం నుంచి ఆ మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. మమత టీచర్, మీ మీద కూడా అసూయగానే ఉంది, ఏమీ అనుకోకండి. సార్, మిమ్మల్ని విశ్రాంతి తీసుకోమని అందరూ అన్నారు. నేను అనను. ఇంతమంది తడి కళ్లు వెంట తీసుకుపోతున్న మనిషికి ఇంకా విశ్రాంతి కూడానా?

(వెనక నుంచి కనకవ్వ లేచి: "ఏ ముత్యం! సారు పోతుండు గద, మరి అన్నం గంట మల్ల ఎనకకు జరుపుతరా ఏంది? మా కొడుకు గిప్పుడు రెండో షిఫ్టే.")

అవ్వా, నన్నేనా అడిగేది?

("నిన్ను గాక మైకునా?" నవ్వులు.)

సారు వైపు చూస్తున్నాను. ఆయన మెడలో దండ సవరించుకుంటున్నారు, ఇటు చూడటం లేదు. మమత టీచర్, ఏమంటారు?... టీచర్ సరేనని తల ఊపింది. జరపమవ్వా. నీ మనుమడు వాళ్ల నాయినతోనే తింటడు. నాదీ పూచీ.

సార్, అసూయ పూర్తిగా పోలేదు, పోతుందని మాట కూడా ఇవ్వను. ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. కనకవ్వ పక్కన ఇంకొకామె చెయ్యెత్తి నన్నే పిలుస్తోంది, దిగి వెళ్లి ఆ మాటేమిటో వినాలి. సెలవు.