చూడకుండా విసిరిన బంతి

హలో… ఆ, నేనే. ఇంకెవరు తీస్తారు ఈ ఫోను? … చెప్పు డెల్మర్. గడియారం చూసుకుంటూ కూర్చున్నానని అనుకోకు. నాలుగు దాటి పది నిమిషాలైందని మాత్రం తెలుసు.

…పరవాలేదు. కోచ్‌గా ఉన్నవాడికి గురువారం సాయంత్రం ఎంత పని ఉంటుందో నాకు తెలియదా. సీజన్ అయిపోయింది కదా, ఈ వారం చెయ్యవేమో అనుకున్నాను.

…మంచు సంగతా? తెల్లారేసరికి నాలుగంగుళాలు పడింది. వాకిట్లోది నేనే తోశాను. … లేదు, నా నడుము బాగానే ఉంది. నీ గొంతే బాగాలేదు. ఏమైంది?

…ఎప్పుడు? రేపేనా?

…కాలేజీ బోర్డు మొత్తమా. … ఊఁ. మూడు గెలిచి ఏడు ఓడితే పిలవక ఏం చేస్తారు. … ఏమంటున్నారు? … మన ట్రిపుల్ ఆప్షన్ ఆటపద్ధతి ఆపెయ్యమంటున్నారా. సూటిగా అన్నారా, సూచనగానా? … ఊఁ. సూటిగానే అన్నారు.

…నేనా? నేనొచ్చి ఏం చేస్తాను?

…ముప్పై ఏళ్ళు ఆ పద్ధతిలో ఆడించినవాడు చెబితే వింటారని ఎవరన్నారు? … నువ్వే అనుకున్నావా. … కారు పంపుతావా. … భోజనం కూడానా. … ఆగు, ఆగు. వస్తానని అనలేదు. రానని కూడా అనలేదు. … నిజం చెప్పాలంటే, ఆ కాలేజీ గేటు దాటి లోపలికొచ్చి రెండేళ్ళయింది. చొక్కా ఇస్త్రీ చేసుకోవాలి.

…సరే, ముందు ఒక ప్రయోగం చేద్దాం. నువ్వు బోర్డులో ఉన్న మిసెస్ ఓస్‌గార్డ్‌వి అనుకో. ట్రాక్టర్లు అమ్ముతావు, ఫుట్‌బాల్ తెలియదు, చెక్కు మాత్రం రాస్తావు. … ఆవిడలా దగ్గక్కర్లేదు. విను.

"అమ్మా, ఎదుటి జట్టులో మూడొందల పౌండ్ల బరువున్నవాడు ఒకడుంటాడు. మన పొలాల పిల్లలు నూట ఎనభై. వాణ్ణి ఆపడం వీళ్ళవల్ల కాదు. అందుకని ఆపం, వదిలేస్తాం. ఆట నడిపే మా క్వార్టర్‌బ్యాక్ బంతి చేతబట్టుకుని వాడివైపే చూస్తాడు. మధ్యలోంచి దూసుకెళ్ళే మా ఫుల్‌బ్యాక్ మీద వాడు పడ్డాడా, బంతి ఇవ్వకుండా తనే ఉంచుకుని పక్కకి పరిగెడతాడు. పడలేదా, ఫుల్‌బ్యాక్‌కే ఇచ్చేస్తాడు. పక్కకి వెళితే ఇంకొకడు ఎదురొస్తాడు. వాణ్ణీ వదిలేస్తాం. వాడు క్వార్టర్‌బ్యాక్ మీదికొస్తే, బయట పరిగెత్తే మూడో కుర్రాడికి బంతి విసురుతాడు. ముగ్గురిలో బంతి ఎవరిదో ముందుగా మాకే తెలియదు, ఇక వాళ్ళకేం తెలుస్తుంది. వాళ్ళు ఏం చేసినా అదే తప్పవుతుంది."

…ఏం, మిసెస్ ఓస్‌గార్డ్ నవ్వుతోందా? … ఏమంటుందీ? … "మరి ఏడు ఎందుకు ఓడారు?" … ఊఁ. ట్రాక్టర్లు అమ్మేవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు.

…ఉండు, కళ్ళజోడు. … ఆ. నా దగ్గర అంకెలున్నాయి. … అన్నీ. నువ్వు కోచ్‌వైన తొమ్మిదేళ్ళవీ. శనివారాలు రేడియోలో వింటాను, రాసుకుంటాను. మా ఆవిడ వెర్నా బతికున్న రోజుల్లో చెవుల్లో దూది పెట్టుకునేది. ఇప్పుడు ఎంత గట్టిగా పెట్టినా అడిగేవాళ్ళు లేరు.

…చెబుతాను, విను. సగం ఆట అయ్యేసరికి రెండు టచ్‌డౌన్ల పాయింట్లు వెనకబడిన మ్యాచ్‌లు ఇరవై రెండు. అందులో గెలిచినవి — రెండు. … అవును, రెండే. … గాలివాన వల్ల కాదు డెల్మర్. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు నడిస్తే చాలనుకునే పద్ధతి మనది. ముందున్నప్పుడు గడియారం మన చుట్టం. బంతి మన దగ్గరే పెట్టుకుని, వాళ్ళ మెరికల్లాంటి కుర్రాళ్ళని బెంచీ మీద కూర్చోబెట్టొచ్చు. వెనకబడ్డామా, అదే గడియారం వాళ్ళ చుట్టమైపోతుంది. మన పిల్లలకి దూరం పాస్ వేయడం రాదు. నేర్పే వేళా లేదు, రోజంతా ఈ మూడు నిర్ణయాలే నేర్పుతాం. గాల్లో బంతి అందుకోవాలని కలలుగనే కుర్రాళ్ళు మన కాలేజీ మొహం చూడరు.

…ఇంకొకటి ఉంది. మనకోసం సిద్ధపడడానికి రెండు వారాల వ్యవధి దొరికిన జట్లతో పదమూడు ఆడావు. పదకొండు ఓడావు. … ఎందుకో నీకూ తెలుసు. నా రోజుల్లో వాళ్ళకి దొరికేది మూడు రోజులు. మైదానంలోకి వచ్చాక బంతి ఎక్కడుందో వెతుక్కునేవాళ్ళు. ఇప్పుడు లీగులో ప్రతివాడూ ఆగస్టులోనే బంతి లేకుండా సాధన చేయిస్తున్నాడు. … అదే. అసలు బంతే ఉండదు. ఉత్తచేతులతో ముగ్గురు పరిగెడతారు, ఎవరికి అప్పగించినవాణ్ణి వాళ్ళు పడేస్తారు. మన మాయంతా బంతిని చూసేవాడి మీదే పనిచేస్తుంది. చూడనివాణ్ణి ఏం చేస్తాం?

…పద్ధతి పనికిరాదని అనడం లేదు. సూత్రం ఇప్పటికీ సరైనదే, పరిస్థితులు మారాయి. … అవును, రేపు వస్తే ఇదంతా చెప్పాలి. … సగం చెప్పి సగం దాచడం నావల్ల కాదు. ఫిజిక్స్ క్లాసులో ఇరవై ఆరేళ్ళు పిల్లల్ని అందుకే ఫెయిల్ చేశాను.

…కోపం వచ్చిందా? … మరి?

…నాకోసమా?

…మళ్ళీ చెప్పు.

…అంటే నీకు ఆ పద్ధతి మీద నమ్మకం లేకపోయినా — … మూడేళ్ళుగానా. మూడేళ్ళుగా నమ్మకుండానే ఆడిస్తున్నావా. … దేనికి? … డోర్న్ కాలేజీ మ్యాచా. అది జరిగి ఇరవై ఎనిమిదేళ్ళయింది నాయనా.

…గుర్తులేకేం. ఆఖరి నిమిషం, గోల్ గీతకి ఆరు గజాలు. నువ్వు క్వార్టర్‌బ్యాక్‌వి. ఎదుటివాడు నీ మీదికొచ్చాడు, నువ్వు బయటికి విసిరావు. బయట పరిగెత్తాల్సిన మన టక్కర్ కాలుజారి పడి ఉన్నాడు. బంతి గడ్డి మీద పడింది. … ఆ. వాళ్ళు తీసుకున్నారు. కప్పు కూడా వాళ్ళే తీసుకున్నారు.

…చూసి విసరాల్సిందని పేపరువాళ్ళతో నేనన్నాను. … అన్నాను. నిన్ను పక్కన నిలబెట్టుకునే అన్నాను.

…డెల్మర్, విను. ఆ వేసవంతా నీచేత సాధన చేయించింది ఎవరు? కళ్ళు ఎదుటివాడి మీదే ఉంచు, మనవాడికోసం చూడకు, చూస్తే అరక్షణం పోతుంది, వాడు అక్కడుంటాడని నమ్మి విసురు — అని రోజుకి రెండొందలసార్లు. సాక్ష్యం లేనిదే దేన్నీ నమ్మొద్దని పొద్దున క్లాసులో చెప్పేవాణ్ణి, సాయంత్రం మైదానంలో చూడకుండా నమ్మమనేవాణ్ణి. నేను నేర్పింది నేర్పినట్టే నువ్వు చేశావు. తప్పు నాది. … టక్కర్‌ది కూడా కాదు, గడ్డి తడిగా ఉంది. … ఆ రోజు ఆ మాట అనడానికి నాకు ధైర్యం చాలలేదు. తరువాత… తరువాత అవసరం కనిపించలేదు. నువ్వు మరిచిపోయి ఉంటావనుకున్నాను. ఓడించింది నువ్వేననుకుని, నన్ను తప్పని రుజువు చెయ్యకూడదనే నువ్వు ఆ పద్ధతి పట్టుకుని వేలాడుతున్నావని నాకేం తెలుసు.

…ఉన్నావా?

…వినపడుతోందిలే. … ముక్కు తుడుచుకో. నాకు తొందరేమీ లేదు.

…

…రేపు నేను రాను. … రాను. నువ్వే చెప్పు. ఆప్షన్ ఆపేస్తున్నాను, మా పాత కోచ్ ఆర్లో విట్‌కొంబ్ కూడా లెక్కలు చూసి సరేనన్నాడు అని చెప్పు. ఆ రెండు అంకెలూ చదువు. నీ ఉద్యోగం నిలుస్తుంది. … నిలుస్తుందనే అనుకుంటున్నాను, హామీ ఇవ్వలేను. … భోజనానికైనానా? వద్దు. నేను ఆ గదిలో ఉంటే నువ్వు నావైపు చూస్తావు. చూశావంటే మాట మారుస్తావు.

…కొత్త పద్ధతి గురించి నన్నడక్కు. పాసులాట నాకు తెలియదు. రేపటినుంచి నన్నడగడానికి నీకేమీ ఉండదు.

…వచ్చే గురువారమా? ఏం మాట్లాడుకుంటాం? … నా ఆరోగ్యం రెండు నిమిషాల్లో అయిపోతుంది. … లేదు, అలా మాటివ్వకు. ఇలాంటి ఫోన్లు రెండు వారాలు వస్తాయి. మూడోవారం ఏదో మీటింగు పడుతుంది. నాలుగోవారం చెయ్యాలంటే మొహమాటంగా ఉంటుంది. … నింద కాదు. అంచనా చెబుతున్నాను.

…ఎవరది, పిలుస్తున్నారు? … కుర్రాళ్ళా. వాళ్ళకి ఇప్పుడే చెప్పు, బోర్డుకంటే ముందు. ఆ ఫుల్‌బ్యాక్ ఉన్నాడే, పొట్టిగా గట్టిగా ఉంటాడు, లుడ్విగ్ — వాణ్ణి విడిగా పిలిచి చెప్పు. కొత్త ఆటలో వాడికి చోటుండదు. ఆ సంగతి వాడు పేపర్లో చదవకూడదు. … మాటివ్వాలనుంటే, ఈ మాటివ్వు. … సరే.

…ఆ, వెళ్ళు. … నాదేముంది, సూపు వేడిచేసుకుంటాను. … ఊఁ. ఉంటాను.

…డెల్మర్, ఒక్క మాట. అంచనా అన్నాను చూడు… నావి తప్పిన సందర్భాలు కూడా ఉన్నాయి. కొన్ని కాదు, చాలానే. అంచేత నువ్వు — గురువారమే కానక్కర్లేదు, ఏ రోజైనా సరే —

…హలో?

…హలో… పెట్టేశాడు.