వాన తీసేసిన పాట

షిల్లాంగ్‌లో ఆదివారం. ఎప్పుడో విడిపోయిన తమ రాక్ బ్యాండ్ పాటల్లో బయటికి రానివన్నీ ఏరి డ్రమ్మర్ తైలాంగ్ ఒక ఆల్బమ్ చేశాడు. పాడిన షాన్‌బోర్‌కే ముందు వినిపిద్దామని మురిసిపోతూ వచ్చాడు.

“ఆపు, ఆపు. వాన ఏదిరా?”

“ఏ వాన?”

“రేకుల మీద వాన. ఆ రోజు వంటింట్లో కూర్చుని ఒట్టి గిటారుతో పాడాను కదా. వానకి నా గొంతు నాకే వినపడలేదు.”

“అదే అన్నా! ఆ గోలంతా తీసేశాను. ఎలా ఉంది? అద్దంలా లేదూ?”

“వక్క కోసే చప్పుడు?”

“అదీ తీసేశా. టకటకమంటూ తాళం చెడగొడుతోంది.”

“మరి ఫిడా?”

“వదినా...”

“మీ వదిన గొంతురా. రెండో చరణానికి ముందు ఏదో అంటుంది. నవ్వుతుంది కూడా.”

“తెలుసన్నా. కానీ పాట మధ్యలో మాటలుంటే ఎవరు వింటారు? ఎంత కష్టపడి...”

“సరే, సరే. నీ ఆల్బమ్ నువ్వు తుడుచుకో. నా క్యాసెట్ నాకిచ్చెయ్.”

“ముందు వక్క వేసుకో అన్నా.”

“క్యాసెట్ ఇవ్వరా.”

“బూజు పట్టేసింది. మన ఊరి తడి సంగతి నీకు తెలీదా? ఒక్కసారి తిరిగింది, కంప్యూటర్‌లోకి ఎక్కింది, పీలికలైపోయింది.”

“కంప్యూటర్‌లో ఉందిగా. అది పెట్టు.”

“దాన్నే కదన్నా శుభ్రం చేసింది.”

“చెయ్యకముందుది?”

“దాచాలని తట్టలేదన్నా. చెత్తే కదా అనుకున్నా.”

“చెత్త.”

“అలా చూడకన్నా. తిట్టు. పోనీ కొట్టు.”

“రీసా వస్తోందిరా. చర్చి అవగానే.”

“పాపా? వాళ్లమ్మమ్మ పంపిస్తోందా?”

“నేనే రమ్మన్నాను. మన ఆచారంలో పిల్లలు తల్లివాళ్లింటికే చెందుతారు కదా. ఫిడా పోయాక నేనిలా మా అక్క ఇంటికి వచ్చేశాను, అది అక్కడే పెరిగింది. వెళ్తే చుట్టాన్ని చూసినట్టు చూస్తుంది. తల్లి పోయేనాటికి చంటిదిరా. ‘అమ్మ ఎలా మాట్లాడేది నాన్నా?’ అని అదొక్కటే అడిగింది నన్ను, ఇన్నేళ్లలో. వినిపిస్తానన్నాను. ఈ వయసులో నాకు ఆల్బమ్ ఎందుకు? క్యాసెట్ ఆడించేవాడు దొరికాడని నీకిచ్చాను.”

“ముందే చెప్పొచ్చుగా అన్నా!”

“మనిషిని తీసేస్తావని ఎవడనుకుంటాడురా!”

“...గేటు చప్పుడైంది.”

“అదే అయ్యుంటుంది. ఒరేయ్, ఒక్క సాయం చెయ్యి. తుడవడానికి మళ్లీ మళ్లీ విన్నావు కదా. ఏమందో చెప్పు. నాకు గుర్తు లేదు. ఆ మాటైనా పిల్లకి చెప్పుకుంటాను.”

“అన్నా...”

“చెప్పరా, మెట్లెక్కుతోంది!”

“నేను పాటే విన్నానన్నా. వదిన నోరు తెరిచినప్పుడల్లా, ఈవిడెప్పుడు ఆపుతుందా అనే చూశాను.”