ముందే రాసిన ఫలితం

...అయినా, ప్రయోగం ముగియకముందే ఫలితం రాసిపెట్టుకోవడం ఈ శాఖలో అందరూ చేసేదే కదా, అని సీట్‌స్కే తనకు తాను సర్దిచెప్పుకుంది. మనస్తత్వశాస్త్ర సదస్సుకు పరిశోధన సారాంశాలు పంపే గడువు ఈ మధ్యాహ్నంతో సరి. గ్రోనింగన్ విశ్వవిద్యాలయం క్యాంటీన్‌లో బల్లకు అవతల ఆమె సహోద్యోగి యెల్మర్ చీజు పెట్టిన రొట్టె తింటూ, మజ్జిగ తాగుతున్నాడు.

"ఇంకా పంపలేదా?"

"నచ్చిన అబద్ధాన్ని మనుషులు తేలిగ్గా నమ్ముతారని మార్చిలోనే రాసేశాను. నిన్న లెక్క తేలింది. నచ్చినా నచ్చకపోయినా తేడా లేదట."

"అంటే తేలిగ్గా నమ్మినవాళ్లే లేరా?"

"ఎందుకు లేరు? నేను నమ్మాగా."

"పోనీ, ఉన్నదే రాయి."

"రాస్తే ప్రసంగానికి అవకాశం ఇవ్వరు. పోయినేడులా పరిశోధనని పోస్టరుగా గోడకంటించి, వచ్చినవాళ్లకి చెప్పడానికి పక్కన నిలబడాలి. బాత్రూం ఎటని అడగడానికి తప్ప ఒక్కరూ రాలేదు."

"అయితే 'తొలి ఫలితాలు ఆశాజనకం' అని పంపెయ్. అందరూ రాసేదేగా."

"అదే రాశాను. రెండోసారి చదివితే నాకే నిజమనిపిస్తోంది, యెల్మర్."

"ఈ పరిశోధనకి నీకన్నా తగిన మనిషి దొరకదులే."

ఆమె నవ్వింది. ఆ వాక్యం కొట్టేసి, 'తేడా కనిపించలేదు' అని రాసింది. ప్రసంగమా, పోస్టరా అని ఫారంలో అడిగినచోట పోస్టరని తనే గుర్తు పెట్టి పంపేసింది.