చప్పుడు లేని మోటారు

పడవ మోటార్లు అమ్మే షాపు. కౌంటరుకు ఇవతల భార్యాభర్తలు, అవతల షాపాయన.

"మళ్లీ అదే పాట! బ్యాటరీ ఏటి మధ్యలో ఆగిపోదని ఇందాకే చెప్పాడు కదా. నీ చెవులకేమొచ్చింది?"

"అది కాదండీ. వానొస్తే? షాకు కొట్టదూ?"

"కొట్టదమ్మా. మోటారు మొత్తం మునిగినా లోపలికి చుక్క నీరు పోదు."

"విన్నావా? ఇంకేం మిగిలింది, ఇంజనీరు గారూ? అదీ అడిగెయ్."

"బరువు కదా మరి..."

"బరువేంటే! పాతదాన్ని ఇద్దరు మోయాలి. దీన్ని నేను ఒంటిచేత్తో పట్టుకుపోతా. ఏమయ్యా, వీటిల్లో మాకేది సరిపోతుంది?"

"పడవ ఎంతుంటుందన్నగారూ?"

"ఇద్దరు కూర్చుని వల లాగేంత."

"అయితే చిన్నదే చాలు. నీళ్లలోకి దిగే కాడ మాత్రం పొడుగుది తీసుకోండి. పొట్టిదైతే అలకి రెక్క పైకి లేచి గాల్లో తిరుగుతుంది."

"అన్నా, ఇది... చప్పుడెంత చేస్తుంది?"

"అదే కదమ్మా దీని గొప్ప! అసలు చప్పుడే ఉండదు."

"కొంచెమైనా? ఏటి మలుపు దగ్గరికొస్తే ఇంట్లోకి వినపడదా?"

"మలుపు సంగతెందుకు, మీ గుమ్మం ముందు ఆగినా తెలీదు."

"అబ్బ, నాక్కావాల్సింది అదే! ఆ పాతదాని మోతకి చేపలన్నీ పారిపోతున్నాయి."

"పాతదే బాగుచేయించుకుందామండీ. మీరొస్తున్నట్టు ముందే తెలుస్తుంది."

"ముందే తెలియాలా? ఎందుకు తెలియాలి? నేను లేనప్పుడు ఇంట్లో ఏం నడుస్తోందేంటి?"

"అయ్యో, అదేం మాట! అన్నం వేడిగా వడ్డిద్దామని..."

"వేడిగానా! నువ్వు వేడిగా పెట్టి చచ్చిన రోజెప్పుడు?"

"పోనీ ఇంకో నెలాగి కొందాం. నా మాట వినండి."

"ఆ పాత మోటారు తాడు లాగి లాగి నా భుజం ఊడిపోతోంది. లాగేది నువ్వా? పొగ మింగేది నువ్వా?"

"నేనే వచ్చి లాగుతా. రోజూ వస్తా."

"నోర్ముయ్! నలుగురిలో నా పరువు తీయకు."

"అన్నగారూ, నెమ్మది. ఆవిడేదో..."

"నువ్వు మధ్యలో దూరకు. అమ్మడం నీ పని. అమ్ము."

"ఏవండీ, ఒక్కసారి..."

"ఇంకొక్క మాట మాట్లాడావంటే చూడు. ఇంటికి పద, చెప్తా నీ సంగతి."

"సరేనండీ."

"ఆఁ, అలా ఉండు. ఏమయ్యా, ఆ పొడుగు కాడదే కట్టెయ్. నేను బండి మాట్లాడుకొస్తా. ఏయ్, నువ్వు ఇక్కడే నిలబడు. కదిలావో!"

"వెళ్లాడమ్మా. ఊరుకో, ఏడవకు. మంచినీళ్లు తాగుతావా?"

"వద్దన్నా. అది కట్టకు. నీకు దండం పెడతా, కట్టకు."

"అదేంటమ్మా! మంచి సరుకు, గ్యారంటీ కూడా ఉంది."

"సరుకు మంచిదే అన్నా. నేను కాదన్లేదు."

"మరింకేంటి? ఆయనకి కాస్త నోటి దురుసు, అంతేగా. సంసారమన్నాక మాటా మాటా అనుకోరూ? హాయిగా పొగా లేకుండా, చప్పుడూ లేకుండా ఇంటికొస్తాడు."

"అదేనన్నా నా భయం. ఆ పాత మోటారు మలుపులో వినపడిందంటే చాలు, ఆయన గడప తొక్కేలోపు పిల్లలిద్దర్నీ పెరటి గోడ దాటించి మా తోడికోడలింటికి పంపేస్తా. తర్వాత ఎన్ని దెబ్బలైనా నా ఒక్కదాని మీదే పడతాయి, పడనీ. మొన్న గాలి అటు తిరిగి చప్పుడు నాకు వినపడలేదు. చిన్నదాని చెయ్యి విరిగింది."